ఒళ్లు విదిలించని పొట్టేలు

బోరులో నీళ్లు పడితే పొట్టేలును కోస్తానని మా అత్త అమ్మవారికి మొక్కుకుంది. నీళ్లు పడ్డాయి. ఆ ఇంట్లో అల్లుణ్ణయిన నాకంటే పొట్టేలే మర్యాదగా పెరిగింది. తీరా జాతర దగ్గర పడ్డాక దానికి దగ్గు పట్టుకుంది.

మా బావమరిదికి సూది దొరికితే చాలు, గోడకైనా పొడుస్తాడు. ఎవరినీ అడగకుండా ప్రొద్దుటూరులో మందు కొనుక్కొచ్చి పూటపూటా పొడిచాడు. దగ్గు తగ్గినా మానలేదు.

"తగ్గింది కదప్పా, ఇంగా యాల పొడుస్తాండావు?"

"జాతర దాకా మళ్లా రాకుండా, బావా."

చివరికి వాణ్ణి చూస్తే చాలు, పొట్టేలు ఊపిరి బిగబట్టి కొయ్యలా నిలబడేది. పెళ్లిచూపుల్లో నేనూ అట్లాగే ఉన్నాను.

నాకు అనుమానమొచ్చి పశువుల డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన మందు సీసా చూసి తల పట్టుకున్నాడు.

"ఆ మందు ఇంగా కండలోనే ఉంటాది. ఇప్పుడు కోస్తే కూరతో పాటు మందూ మీరే తింటారు. ఒంట్లో క్రిములు దానికి అలవాటు పడితే, రేపు మీకు జబ్బు చేసినప్పుడు ఆ మందు పని చేయదు. నేను చెప్పేదాకా కోయొద్దండి."

"జాతర ఆగుతాదా సారూ? మాట తప్పితే బోరు ఎండిపోతాది" అంది మా అత్త.

"అమ్మకు రక్తమే కదత్తా. కూర మనకే, రోగమూ మనకే" అన్నాను. నా నోరు పడిపోవాలని దీవించింది. కూర తినేవాళ్లలో నా బిడ్డలు కూడా ఉన్నారు.

మావైపు పొట్టేలు మీద పసుపునీళ్లు చల్లుతారు. ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. లేదంటే కత్తి ఎత్తకూడదు. తడిసిన పొట్టేలు విదిలించకుండా ఉంటుందా? అందుకే జాతర రోజు ముందుకొచ్చి, "తాడు మా బావమరిదే పట్టుకోవల్ల. దానికి అన్ని సేవలు చేసినోడు" అన్నాను. వాడు రొమ్ము విరుచుకున్నాడు.

చెంబుడు నీళ్లు చల్లారు. కొయ్యే. బిందెడు పోశారు. కొయ్యే. డప్పులు ఆగిపోయాయి.

"అమ్మకు ఏం తక్కువ చేస్తిమో!" అత్త కళ్లలో నీళ్లు.

"తక్కువేం లేదత్తా, మందే ఎక్కువైంది. సారు చెప్పేదాకా ఆగమంటాంది."

"సారు మాట అమ్మకెట్ల తెలుసు?"

"భూమిలో నీళ్లు యాడున్నాయో తెలిసినామెకు ఇది తెల్దా?"

అత్త టెంకాయ కొట్టి గడువు అడిగింది.

డాక్టరు సరేనన్నాక మళ్లీ గుడికి పోయాం. ఆ పొద్దు బావమరిదిని మసాలా తెమ్మని జమ్మలమడుగు తరిమాను. చెంబుడు నీళ్లు పడగానే పొట్టేలు మా అత్త కొత్త చీర తడిసేలా విదిలించింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

మసాలాతో దిగిన బావమరిది అలిగాడు. "నేను లేకుండానే ఎట్ల ఒప్పుకునింది బావా?"

మూలుగెముక వాడి ఆకులో వేసి నోరు మూయించాను.