మిరప కాలంలో శ్రుతి

మా చర్చిలో కీబోర్డు వాయించేది నేను, పాట ఎత్తుకునేది మా మేనత్త. మొదట్లో కార్డ్స్, అంటే పాటకి కలిపి నొక్కాల్సిన స్వరాలు, కాగితాల మీద రాసుకునేవాణ్ణి. వాటితో నాకున్న ఇబ్బందులు: ఫ్యాను గాలికి ఎగిరిపోవడం, చెమటకి సిరా అలుక్కుపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా ప్రతి పాటా ఒకే స్కేల్లో, అంటే ఒకే శ్రుతిలో, రాసి ఉండడం. అత్త గొంతు ఏడాది పొడుగునా ఒకే స్కేల్లో ఉండదు. మిరపకాయ కోతకొచ్చిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా ఆమె కాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. వారమంతా ఆ ఘాటు పీల్చి, ఆదివారానికి గొంతు దిగిపోతుంది. ఆమె కింద ఎత్తుకుంటే నేను కాగితం చూస్తూ వెతుక్కునేవాణ్ణి.

"ఒరేయ్ అల్లుడూ, నేనొక ఊళ్లో పాడుతుంటే నువ్వింకో ఊళ్లో వాయిస్తన్నావేందిరా?" అనేది బయటికొచ్చాక, అందరూ వినేలా.

తర్వాత పాత ట్యాబ్ ఒకటి కొన్నాను. ఒక్కసారి నొక్కితే పాటలోని కార్డ్స్ అన్నీ ఒక మెట్టు దిగుతాయి. అప్పట్నుంచి వరస మారింది. ముందు నేను కొంచెం వాయిస్తాను, ఆమె అక్కణ్ణుంచి ఎత్తుకుంటుంది. ఏ పాట ఎంత దించానో ట్యాబే గుర్తుపెట్టుకుంటుంది. మొదటి మిరప కాలంలో ఒక మెట్టు దించాను. మరుసటి ఏడాదికి రెండయ్యాయి. ఈ ఏడాదికి మూడు. పాట ఎక్కడా తెగడం లేదు కాబట్టి ఆమె గొంతు బాగానే ఉందని సంఘమంతా అనుకుంది. ఆమె కూడా అనుకుంది.

"అత్తా, ఈ తొడిమల పని మానెయ్. గొంతు పోతుంది," అన్నాను ఒకరోజు.

"ఏం పోయిందిరా? మొన్న ఆదివారం పాడలా?"

పాడింది, నిజమే.

నేను కోల్డ్ స్టోరేజీలో మెషీన్లు చూస్తాను. మిరప కాలమంతా టిక్కీల, అంటే మిరప బస్తాల, లారీలు బారులు తీరి ఉంటాయి. శనివారం రాత్రి డ్యూటీ చేసి, ఆదివారం పొద్దున నేరుగా ఆరాధనకి వస్తాను, మంట పుట్టే కళ్లతో. అలాంటి ఒక ఆదివారం ట్యాబ్‌లో పాటల యాప్ తనంతట తానే అప్‌డేట్ అయింది. నేను దించి పెట్టుకున్నవన్నీ పోయి, పాటలు మొదటి స్కేల్‌కి వెళ్లిపోయాయి. నేను చూసుకోలేదు. వాయించాను. అత్త ఎత్తుకుంది.

పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో పైకి వెళ్లాల్సిన చోట ఆమె నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. పక్కనున్న ఆడపిల్లలు పాట అందుకున్నారు. జరిగిందేమిటో అప్పటికి నాకు అర్థమైంది, కానీ మధ్యలో స్కేల్ మారిస్తే పాడేవాళ్లందరూ చెదిరిపోతారు. అలాగే వాయించాను. ఆమె కూర్చుండిపోయింది.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నన్ను పట్టుకుంది. "ఏరా, ఇయ్యాల అంత పైన పెట్టావేంది?"

"పైన పెట్టలేదత్తా. మొదట్లో నువ్వు పాడిన స్కేలే అది."

"మరి ఇన్నాళ్లూ?"

"దించుతూ వచ్చాను. ఇప్పటికి మూడు మెట్లు."

నా చేతిలోని ట్యాబ్ వంక చూసింది. అందులో అక్షరాలు ఆమెకి అర్థం కావు. అయినా కాసేపు చూసింది.

"చెప్పొద్దా?"

"చెప్తే పని మానేసేదానివా?"

"మానేసి? ఇంట్లో కూచుని నీ మొహం చూడాల్నా?" నవ్వబోతే దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుంటూ అంది: "వచ్చే ఆదివారం ఆ మూడూ దించే పెట్టు. ఇంకోటి దించినా ఏమనుకోన్లే."

ఆ సాయంత్రం ఒక్కో పాటా తెరిచి మళ్లీ దించాను. ఒక పాట నాలుగు మెట్లు దించి పాడి చూసుకున్నాను. అంత కిందకి మిగతా ఆడవాళ్ల గొంతులు అందవు. మళ్లీ మూడుకే తెచ్చాను.

సోమవారం పొద్దున నేను పగటి డ్యూటీకి వెళ్తుంటే కూలీల ఆటోలో అత్త కనిపించింది. ముక్కుకీ నోటికీ పాత చీర ముక్క రెండు మడతలు వేసి కట్టుకుంది. ఇంతకుముందు ఒక మడతే ఉండేది.