మైకు సార్ ఆటోలో నేర్పిన పాఠం

మైకు సార్ పోయారని కబురు అందేసరికి నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర మామిడికాయల లారీలను లోపలికి పంపిస్తున్నాను. బంగారుపాళ్యం రోడ్డు మీది గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు సీజన్ నెలల్లో పండగా ఉండదు, చావూ ఉండదు. షిఫ్టు దిగి, బస్సు పట్టుకుని, చిత్తూరులో వాళ్ల వీధికి చేరేసరికి అంతా అయిపోయింది. వాకిలి కడిగేశారు. సార్ భార్య నన్ను చూసి, "ఎంత అలిసిపోయినావు పాపా, కూర్చో" అన్నారు. భర్త పోయిన మనిషి నన్ను కూర్చోమంటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన పగలు ఒక ఆఫీసులో గుమాస్తా. సాయంత్రమైతే బావమరిది ఆటోకు గొట్టం మైకు కట్టించుకుని ఊరంతా తిరిగి ప్రకటనలు చెప్పేవారు. చీరల తగ్గింపు అమ్మకం, కాణిపాకం ఉత్సవాలకు ప్రత్యేక బస్సులు, మున్సిపాలిటీ కుళాయిల సంగతి, ఏదైనా సరే. అది ముగించుకుని ఒక సైకిల్ షాపు మేడ మీద మాకు క్లాసు చెప్పేవారు. గది బయట బోర్డు మీద 'వ్యక్తిత్వ వికాస శిక్షణ' అని ఉండేది. ఇప్పుడు దాన్నే లైఫ్ కోచింగ్ అంటున్నారు. మా కంపెనీ నన్ను ఒకసారి తిరుపతి హోటల్లో అలాంటి క్లాసుకు పంపింది. లేచి చప్పట్లు కొట్టమన్నారు, పక్కనున్నవాళ్లను కావలించుకోమన్నారు, మీలో ఒక సింహం దాగి ఉందన్నారు. ఏసీ చల్లదనానికి నాకు నిద్ర ముంచుకొచ్చింది.

మా సార్ దగ్గర సింహాలేమీ లేవు. ఆయనే సగం నిద్రలో ఉండేవారు. మెట్లెక్కి వచ్చి, చెప్పులు విడిచి, స్టూలు మీద కూర్చుని, పెద్దగా ఆవలించి, "ఈపొద్దు నాకు వొంట్లో ఓపిక లేదప్పా. అయినా మొదలుపెడదాం" అనేవారు. దాదాపు రోజూ అదే మాట. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చునేవాళ్లంటే ఆయనకు చిరాకు. "ఉత్సాహం సుట్టం మాదిరి. వస్తే కాఫీ ఇయ్యి. రాకపోతే నీ వంట మానుకుంటావా?" అని అడిగేవారు. ఆ మాట విలువ అప్పట్లో నాకేం తెలుసు? రోజుకు పది గంటలు నిలబడి పనిచేయడం మొదలయ్యాక తెలిసింది.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది గొంతు కోసం. మాది పల్లెలో సేద్యం చేసుకునే ఇల్లు. ఆడపిల్ల మాట వసారాలోకి వినిపిస్తే నాయన దగ్గేవాడు. ఆ దగ్గుకు అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. చెడ్డవాడేం కాదు, నన్ను డిగ్రీ దాకా చదివించాడు. కానీ ఆ దగ్గు నా గొంతులోనే కాపురం పెట్టింది. గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా తీసుకున్నారన్న సంతోషం వారం కూడా నిలవలేదు. మిషన్ల రొదలో, కాయలు కోసే ఆడవాళ్ల ముందు నిలబడితే నా మాట నాకే వినబడేది కాదు. మేనేజర్ తిట్టలేదు. సీజన్ ఊపందుకునేలోపు గొంతు తెచ్చుకో, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం అన్నాడు. ఈ ఉద్యోగం పోతే నాయన మళ్లీ ఇంకోదానికి పంపడని నాకు తెలుసు. నాకు మళ్లీ ఆ వంటింటి గోడల మధ్యకు వెళ్లాలని లేదు.

"ఏమడ్డం వచ్చింది పాపా నీకు?" అని అడిగారు సార్ మొదటి రోజు. ఎవరినైనా ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే.

"భయం సార్. అది పోతే మాట్లాడతాను."

"అది పొయ్యేదాకా కాచుకోనుంటే సీజన్ అయిపోతాది. దాన్ని గూడా ఆటోలో ఎక్కించుకోని రా. చోటుండాది."

ఆటో సంగతి అప్పుడే తెలిసింది. మనుషుల ముందు నోరు పెగలనివాళ్లను ఆయన ముందు ఆటోలో కూర్చోబెట్టేవారు. రెండు పక్కలా రెక్సిన్ తెరలు దించేసి మైకు చేతికిచ్చేవారు. ఊరంతా నీ మాట వింటుంది, నీ మొహం మాత్రం ఎవరికీ కనబడదు. ఆడపిల్లల వంతు వచ్చిన రోజు ఆయన భార్య కూడా వచ్చి, ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకు నార తీస్తూ కూర్చునేవారు.

నా వంతు రోజున చెప్పాల్సింది చిన్న ముక్క. రేపు కుళాయి నీళ్లు రావు, సాయంత్రమే పట్టిపెట్టుకోండి. మొదటి వీధిలో సగం చెప్పి మింగేశాను. రెండో వీధిలో 'మున్సిపాలిటీ వారి' దగ్గరే ఆగిపోయాను. మీట నొక్కి మైకు ఆపేశాననుకుని ఏడుపు మొదలుపెట్టాను. "నా వల్ల కాదు సార్, నేను ఇంటికి పోతా. మా నాయన చెప్పిందే నిజం, నేను దేనికీ పనికిరాను" అన్నాను.

మైకు ఆగలేదు. నా ఏడుపు గొట్టంలోంచి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపించింది. సార్ భార్య చిక్కుడుకాయ పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకున్నారు. ఆటో తోలుతున్న ఆమె తమ్ముడు భుజాలు కదిలిపోయేట్టు నవ్వుతున్నాడు. నాకు ఆటో కింద పడి చచ్చిపోతే బాగుండుననిపించింది. అంతలో బయటినుంచి ఒక ఆడమనిషి గట్టిగా అరిచింది.

"పోదువుగానీలేమ్మా ఇంటికి! నీళ్లు యాపొద్దు రావో అది జెప్పి పో! ఈపొద్దా, రేపా?"

ఎలా ఎత్తానో తెర ఎత్తాను. బిందె చంకన పెట్టుకుని ఒకామె, ఆమె వెనక ఇంకో నలుగురు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు, జాలీ లేదు. "రేపక్కా! రేపంతా రావు! ఇప్పుడే పట్టుకోండి!" అని అరిచాను. మైకు ఒళ్లో పడి ఉంది. అవసరం పడలేదు. వాళ్లు బిందెలతో పరుగెత్తారు.

సార్ నన్ను మెచ్చుకోలేదు. ఒక ఆవలింత ఆవలించి, "సూసినావా పాపా, ఆ తల్లికి నీ గొంతుతో పని లే. నీళ్లతో పని" అన్నారు. తరవాతి వీధికి పోనిమ్మని బావమరిదికి చెప్పారు.

ఆ మాటతోనే నేను ఫ్యాక్టరీలో నిలబడ్డాను. ఆడవాళ్లు నన్ను చూడటం లేదు, ఏ కాయ ఏ గంపలో వేయాలో తెలుసుకోవాలని చూస్తున్నారు. అది అర్థమయ్యాక గొంతు దానంతటదే లేచింది. నాయన ఒకసారి గేటు దాకా వచ్చి నా కేకలు విని దగ్గకుండా వెళ్లిపోయాడు. భయం పోయిందని మాత్రం చెప్పను. ఇప్పటికీ సీజన్ మొదటి రోజు పొద్దున అది నాకంటే ముందే లేస్తుంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే బస్సెక్కుతాను. అలసటా అంతే, సగం జీవితం దానితోనే నడిచింది. ఇంత కాలానికి నాకు మిగిలిన విద్య అదొక్కటే, అది ఆయన పెట్టిన భిక్ష.

పక్షవాతం వచ్చాక సార్ మాట్లాడటం మానేశారు. బొత్తిగా రాక కాదు. మాట వంకరగా, తడితడిగా వస్తుందని సిగ్గు. ఏం కావాలన్నా మంచం కోడు మీద ఉంగరంతో కొట్టి భార్యను పిలిచేవారట. ఈ సీజన్‌కు ముందు చూడ్డానికి వెళితే వసారాలో కుర్చీలో ఉన్నారు. నేనేదో చెబుతున్నాను, ఆయన వింటున్నారు. ఆయన భార్య కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు.

అప్పుడే తాటిముంజల గంపతో ఒకామె వీధిలోంచి పోతోంది. ఆయన ఒకసారి వంటింటి వైపు, ఒకసారి గంప వైపు చూశారు. భార్యకు ముంజలంటే ప్రాణం. పిలవమని నాకు కళ్లతో చెప్పారు. నేను కదల్లేదు. ఆటోలో నా చేతికి మైకిచ్చి ఆయన కూర్చున్నట్టే కూర్చున్నాను. ముంజలామె రెండిళ్లు దాటింది. ఆయన నన్ను కోపంగా చూసి, కుర్చీ పట్టుకుని ముందుకు వంగి, ఒక అరుపు అరిచారు. అందులో అక్షరాలేవీ లేవు. ముంజలామె ఆగింది. వెనక్కి తిరిగింది. వచ్చి గంప మెట్టు మీద దించి, "ఎన్ని కొయ్యమంటావు నాయనా?" అంది.

కాఫీ గ్లాసులతో గడప దగ్గరికి వచ్చిన ఆయన భార్య గంపను చూసి నిలబడిపోయారు.

"ఎవురు పిల్సినారు ఈమెను?"

సార్ గడ్డం మీది తడి కండువాతో తుడుచుకున్నారు. ఇంకా ఆయాసపడుతూనే, బాగున్న ఎడమ చెయ్యిని మెల్లగా పైకెత్తారు, హాజరు పిలిచినప్పుడు బడిపిల్లవాడు ఎత్తినట్టు.