బొంబాయి ఎలుకలు, మా అత్తగారి భయం

మొన్న మా కూతురు బెంగళూరు నుంచి ఫోనులో ఒక వీడియో పంపింది. గాజు పెట్టెలో ఇసుక పోసి రెండు జెర్బిల్ ఎలుకల్ని పెంచుతున్నారట, మనవరాలు వాటిని అరచేతిలో ఎక్కించుకుని మురిసిపోతూంది. బాగున్నాయమ్మా అని జవాబిచ్చానే గానీ, ఫోను పక్కన పెట్టాక కూడా ఆ ఎలుకలే కళ్ళముందు తిరిగాయి. అలాంటివే ఒకప్పుడు మా ఇంట్లోనూ ఉండేవని, వాటివల్ల ఒక మధ్యాహ్నం నా పై ప్రాణాలు పైనే పోయాయని మా కూతురికి గుర్తు లేదు. అప్పటికి దానికి ఆరేళ్ళు.

నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కోడలిగా వచ్చినదాన్ని. అత్తవారిది పత్తి వ్యాపారం. బేరం మీద బొంబాయి పోయిన మా మరిది మా పాప కోసం అలాంటి జంటను తెచ్చాడు. చేనెలుకంత ఉండి, తోక చివర కుచ్చుతో, ముందుకాళ్ళెత్తి నిలబడి మనల్నే చూసేవి. గోదాములో ఉన్నవి చాలక రైలెక్కించి మరీ తెచ్చావా అని మా అత్తగారు మరిదిని దెప్పింది గానీ, వినాయకుడి వాహనమని పారేయనివ్వలేదు. పంజరం పడసాలలోనే ఉండాలంది. దాన్ని దాటేటప్పుడు మాత్రం కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నడిచేది.

ఆమె పుట్టిల్లు ఆలూరు పక్క పల్లె. ఆమె చిన్నప్పుడు ఆ ఊళ్ళో ప్లేగు వచ్చిందట. ఇంట్లో ఎలుక రాలితే చాలు, ఉన్నవి ఉన్నట్టు వదిలేసి, తలుపుకు బీగం వేసి, చేలల్లో గుడిసెలు వేసుకునేవారట. ఆ తర్వాత జ్వరం, గజ్జల్లో గడ్డ, ఇక మనిషి దక్కడం కష్టమట. ఈ మాటలు చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గిపోయేది. మేం పాతకాలం కథలని ఊకొట్టేవాళ్ళం.

పత్తి ఇంటివాళ్ళం కదా, బర్రెకు పెట్టే పత్తి గింజలే వాటికీ పోసేవాళ్ళం. బర్రె అన్ని పాలిస్తుంటే ఎలుకకు మాత్రం బలం రాదా అని మా ధీమా. పచ్చి గింజలు అంత చిన్న ప్రాణాలకు విషమని తర్వాతెప్పుడో తెలిసింది. ఒక మధ్యాహ్నం చూస్తే రెండూ వెల్లకిలా పడి ఉన్నాయి. ఆ రోజు పొద్దున్నుంచీ పాపకు ఒళ్ళు కాలిపోతూంది. మా అత్తగారు పరుగున పోయి పాప గజ్జల్లో తడిమి చూసింది. బిళ్ళ కట్టి ఉంది.

అంతవరకూ కథ అనుకున్నది నా బిడ్డ ఒంట్లోకే వచ్చి కూర్చుంది. మా అత్తగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. అందరికంటే ముందు ఆమే వీధిలోకి పరిగెత్తుతుందనుకున్నాను. అలాంటిది, చంకలో పాలుతాగే బాబుతో ఉన్న నన్ను అరుగు మీదికి తోసి, తను పాపతో లోపలుండి గడియ వేసుకుంది. నేను ఏడుస్తూ తలుపు బాదుతుంటే లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది.

"మా యమ్మను లోపల పెట్టి బీగమేసుకోని పోయినారు మావోళ్ళు. ఈ పాపను నేను ఒంటిగా ఇడ్సను. సిన్నోన్ని ఎత్తుకోని నువ్వు సేనికి పో."

నేను కదల్లేదు. పక్కింటివాళ్ళు కబురు చేస్తే మా ఆయన డాక్టరును వెంటబెట్టుకుని వచ్చేదాకా ఆ తలుపుకే ఆనుకుని, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ, లోపల పాప మూలుగు వినిపిస్తే ఒక భయం, వినిపించకపోతే ఇంకో భయంగా గడిపాను. డాక్టరు చాలాసేపు బతిమాలితే గానీ గడియ తీయలేదు. ఆయన పాపను తల నుంచి కాలిదాకా చూసి అరికాలు చూపించాడు. తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయి చీము పట్టింది, బిళ్ళా జ్వరమూ దానివల్లే వచ్చాయి. ఆ మాట వినగానే మా అత్తగారు గోడవార కూలబడి, మా యమ్మా, మా యమ్మా అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

మొన్నటి అంటురోగం రోజుల్లో నాకూ జ్వరం వచ్చింది. పిల్లలు నాకు వేరే గది ఇచ్చి, వేళకు గుమ్మం దగ్గర పళ్ళెం పెట్టి, ఎట్లా ఉందని ఫోనులో అడిగేవాళ్ళు. వాళ్ళు చేసిందే సరైన పని, దగ్గరికి రావద్దని మొదట చెప్పిందీ నేనే. అయినా మన ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు: ఆ మంచం మీద పడుకున్నన్నాళ్ళూ, ఎవరో ఒకరు లోపలికి వచ్చి, ఇక బయటికి పోనని గడియ వేసుకుంటారేమోనని తలుపు వైపే చూస్తూ ఉన్నాను.