గొంగట్లో దూరి బాతులు లెక్కపెట్టాం

ఈ ప్రయాణానికి కారణం మా మనవరాలు సరళ. హైదరాబాదులో చెరువుల వెంట తిరిగి పక్షులనూ నీటి మొక్కలనూ లెక్కరాసే బృందం ఒకటుంది. జీతమూ భత్యమూ లేని పని. కాలేజీలో చదివే సరళ అందులో చేరి, తాండూరు దగ్గర పెద్దేముల్ వైపు చెరువును కూడా ఏటా చూడమని పట్టుబట్టింది. ఈ సెలవుల్లోగా సరైన లెక్క తెస్తే చూస్తాం, లేకపోతే వదిలేస్తాం అన్నారు వాళ్లు. కిందటి ఆదివారం వెళితే లెక్కపెట్టకముందే బాతులు ఎగిరిపోయాయట. సెలవులకు ఇదే ఆఖరి రోజు. పిల్లకు కుదురు లేకే ఇలా అయిందనుకుని, దగ్గరుండి కూర్చోబెడదామని నేనూ బయలుదేరాను.

వికారాబాదులో తెల్లవారుజామున ప్యాసింజరు ఎక్కితే పొద్దెక్కేలోపు తాండూరు చేరతాం. అక్కడి నుంచి చెరువుకు జట్కా రానూపోనూ మూడు రూపాయలకు కుదిరింది. నాపరాళ్ల బండ్లకు దారిస్తూ, బాతులు లెక్కపెడితే సర్కారు ఏమిస్తుందని జట్కా తోలే ఖాసిం అడిగాడు. ఏమీ ఇవ్వదన్నాను.

"మరెందుకమ్మా గింత పరేషాన్?" అని నవ్వాడు.

చెరువులో తామర, గట్టువార జమ్ము ఎక్కడెక్కడ ఎంతమేర ఉన్నాయో సులువుగానే రాసుకున్నాం. మొక్కలు ఎగిరిపోవు కదా. బాతుల వైపు నాలుగడుగులు వేశామో లేదో, అన్నీ లేచి అవతలి ఒడ్డుకు పోయాయి. సరళను కసిరాను. తాను కదలనే లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పుడే కురుమ బాలయ్య నల్లగొంగడి కప్పుకుని గొర్రెలను నీళ్లకు దించాడు. అవతలి ఒడ్డున ఆయన పక్కనే ఈదుతున్న బాతుల్లో ఒక్కటీ బెదరలేదు. నేను మా ఇద్దరినీ చూసుకున్నాను. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీరలు, ఎండలో ధగధగా మెరుస్తున్నాయి. చుట్టూ నడిచి వెళ్లి గొంగడి అడిగాను.

"గొర్ల వాసనొస్తదవ్వా, జర ఆలోచించు," అన్నాడు బాలయ్య.

"బాతులు ఓర్చుకుంటున్నాయిగా, నేనూ ఓర్చుకుంటాను."

ఉన్నది ఒక్కటే గొంగడి. ఇద్దరం అందులోనే దూరి జమ్ము పక్కన కూర్చున్నాం. సాయంత్రం మమ్మల్నీ మందతోనే తోలుకుపోతానన్నాడు బాలయ్య. సరళ నవ్వు ఆపుకోలేక నా భుజం కొరికింది. ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాం. పొసగలేదు, మళ్లీ మొదలుపెట్టించాను. మూడోసారికి కలిసింది.

బృందంవారు ఆ లెక్క ఒప్పుకున్నారు. ఇకపై ఏటా ఆ చెరువు చూసే బాధ్యత సరళదే. ఆ రోజు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పక్షులు మాకు బారెడు దూరంలో తలలు నీట ముంచి మేస్తుంటే, గొంగడి కింద పిల్ల గుండె దడదడలాడటం నాకు తెలుస్తూనే ఉంది. నాకూ అలాగే ఉందని దానికి చెప్పలేదు.

వెళ్లేవారికి ఒక్క మాట. చెరువు దగ్గరకు తెల్లబట్టలు వద్దు. గొంగడి అడిగి తీసుకుంటే, ఇచ్చేటప్పుడు దులిపి, మడతపెట్టి ఇవ్వండి.