మాట ఇవ్వని మేడం

జున్ను ఉడుకుతుంటే బెల్లం, మిరియాల వాసన వంటింట్లోంచి వరండా దాకా వస్తోంది. కేతేపల్లిలో మా అత్తమ్మ బర్రె ఈనిందని పొద్దున్నే బస్సులో ముర్రుపాలు పంపింది. ఈ వాసన తగిలితే చాలు, తిండి కంటే ముందు నాకు రిజ్వానా మేడం గుర్తుకొస్తారు. నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు ఆమె మాకు మైక్రోబయాలజీ చెప్పేవారు. ఒకరోజు గ్లాసులో ఇవే ముర్రుపాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇందులో లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీన్ ఉంటుందని, అది తల్లిపాలల్లో, మన కన్నీళ్ళలో, ఉమ్మిలో కూడా ఉంటుందని చెప్పారు. బాక్టీరియాకు కావలసిన ఇనుమును ముందే పట్టేసుకుని వాటిని పస్తు పెడుతుందట. కొన్ని వైరస్‌లు మన కణాలను అంటుకోకుండా అడ్డం పడుతుందట. అయితే ఇవి తాగితే ఏ వైరసూ రాదా మేడం అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

"ల్యాబుల గాజు పళ్ళెంల ఆపింది, చూసిండ్రు. మనిషి ఒంట్ల ఎంత ఆపుతదో పూర్తిగ తెల్వది. తెల్వదని రాస్తే మార్కులిస్త. తెల్వంది తెలిసినట్టు రాస్తే సున్నా," అన్నారామె. అన్నంత పనీ చేసేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇంత చదివి ఒక్క మాటా గట్టిగా చెప్పదేం ఈమె అనుకునేదాన్ని.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో నాకు బిడ్డ పుట్టింది. నెల ముందే వచ్చేసిన పిడికెడంత పిల్ల. మర్నాడే నాకు జ్వరం, పరీక్షలో కరోనా అని తేలింది. మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వమని దవాఖానలో డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. అత్తమ్మ మాత్రం పిల్లను ఒడిలోంచి దించలేదు. మా ఇళ్ళలో బాలింత మొదటి పాలు పిండి పారబోయడం ఎప్పటి నుంచో ఉన్నదే. దానికి తోడు ఇప్పుడు రోగపు పాలాయె. డబ్బాపాలు పడితే పిల్ల కక్కేస్తోంది, ఏడవడానికి ఓపిక లేక మూలుగుతోంది. నా రొమ్ములు గడ్డకట్టి సలుపుతున్నాయి. పిల్ల దక్కదేమోనన్న భయంతో మేడంకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

మేడం మొదట డాక్టరమ్మ ఏమన్నదో అడిగి, అదే చెయ్యాలన్నారు. తర్వాత అత్తమ్మతో మాట్లాడారు. బర్రె ఈనితే మొదటి పాలు దూడకు తాపరా అని అడిగితే, తాపకుంటే దూడ బతుకుతుందా అని అత్తమ్మే అన్నది. తల్లిపాలల్లో ఏమేముంటాయో మేడం ఓపికగా చెప్పుకొచ్చారు. అన్నీ విని అత్తమ్మ ఒక్కటే అడిగింది.

"అయితే పిల్లకేం కాదని మాటిస్తవా అమ్మా?"

ఒక్కసారి ఊఁ అనండి మేడం, మీ కాళ్ళు మొక్కుతానని నేను లోపల మొత్తుకుంటున్నాను.

"మాటియ్యలేనమ్మా. పిల్లకు గా పాలే మంచియి, గది తెలుసు. ఏం కాదని మాత్రం ఎవ్వరు మాటిచ్చినా నమ్మకుండ్రి."

ఇక అయిపోయిందనుకున్నాను. అప్పటికి ఊళ్ళో కషాయం అమ్మేవాడి నుంచి తాయెత్తు కట్టేవాడి దాకా అందరూ మాటిచ్చినవాళ్ళే. "గీమె అబద్ధమాడే మనిషి కాదు," అంటూ అత్తమ్మ లేచొచ్చి పిల్లను నా ఒళ్ళో పెట్టింది. పిల్ల కాసేపు తడుముకుని, చప్పరించడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

పిల్ల ప్రాణం నిలబడింది. రోజులు కుదుటపడ్డాక మేడం చూడటానికి వస్తే, మీరు చెప్పిన పాలే కాపాడాయన్నాను. ఆమె ఒప్పుకోలేదు. బతికింది, అది చాలు, దేనివల్ల బతికిందో నాకు తెలియదన్నారు. అంటూనే పిల్ల అరికాలు ముద్దుపెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు.

మేడం పోయినేడు చనిపోయారు. మొన్న పిల్లకు జ్వరమొచ్చి, నా మెడ కావలించుకుని, "నాకేం కాదు కదమ్మా?" అంది. ఏ తల్లైనా ఏం కాదు బిడ్డా అనేస్తుంది. నా నోట ఆ మాట రాలేదు. "నేనున్న బిడ్డా," అన్నాను. అంత మాత్రం నాకు తెలుసు.