ఆరు సోమవారాలు

మూడేళ్ల కిందట కోల్‌కతా పక్కన బడ్జ్ బడ్జ్‌లో మా ఫ్లాట్లవాళ్లు మీటింగ్ పెట్టారు. మా కుక్క రాణి మెట్ల మీద విరేచనాలు చేస్తోందని ఫిర్యాదు. యాంటీబయాటిక్స్ వాడాక దాని పొట్ట పాడైతే, డాక్టరు రోజూ అన్నంలో ప్రోబయోటిక్ పొడి కలపమన్నారు. పొడి వేసినదీ, విరేచనం తీరూ రోజూ క్యాలెండర్‌లో రాసేవాణ్ణి.

"కుక్కని పంపేయండి దాదా, లేదా మీరే ఖాళీ చేయండి," అన్నారు సెక్రటరీ.

నేను క్యాలెండర్ విప్పాను. మా ఆవిడ చెయ్యి పట్టుకు లాగింది.

"ఏటండీ ఇది! నలుగురిలో దాని దొడ్డి లెక్క చదువుతారేటి? పరువు పోద్ది!"

చదివాను. ఆరు వారాల్లో ఆరుసార్లు పలచగా అయింది. ఆరూ సోమవారాలే.

"ఆదివారం రాణికి ఎవరేం పెడుతున్నారు?" అని అడిగాను.

అందరూ నవ్వుతున్నారు. సెక్రటరీ భార్య మాత్రం నవ్వలేదు.

"మా ఆయనే. ఆదివారం తెచ్చే మిష్టి దోయి కుండలో మిగిలింది పెడతారు. పెరుగు పొట్టకి మంచిదట."

"పెరుగు మంచిదే బౌదీ," అన్నాను ఆ వదినగారితో. "అందులో అంత పంచదార దానికి పడదు. రాణి ఎక్కడికీ పోదు, కుండ మానండి."

మానేశారు. ఏడో సోమవారం మెట్లు శుభ్రంగా ఉన్నాయి. అది కూడా రాసి, క్యాలెండర్‌ను మెట్ల దగ్గర గోడకు తగిలించాను. ఆ రోజు నవ్వులపాలయ్యాను, నిజమే. అవసరమైతే మళ్లీ చదువుతాను, ఇంకా గట్టిగా.