కెజియా మళ్ళీ దరఖాస్తు పెట్టిన ఏడాది

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, డిసెంబరు మొదటి వారంలో, డాక్టర్ కెజియా మా యూనిట్‌లో రిజిస్ట్రార్‌గా చేరింది. అప్పటికి నేను పామర్‌స్టన్ నార్త్‌లో జనరల్ సర్జరీ కన్సల్టెంట్‌గా చాలా ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను. న్యూజిలాండ్‌లో జూనియర్ డాక్టర్ల ఉద్యోగ సంవత్సరం డిసెంబరులో, అంటే ఇక్కడి వేసవి మొదట్లో, మారుతుంది. రోగులకు ఆ సంగతి తెలియదు కాని, ఆ వారం వార్డుల్లో సగం మంది డాక్టర్లు ఏ తలుపు ఎటు పోతుందో వెతుక్కుంటూ ఉంటారు.

రిజిస్ట్రార్ అంటే కన్సల్టెంట్ కింద పనిచేసే డాక్టరు. ఇందులో రెండు రకాలున్నాయి. శస్త్రచికిత్స శిక్షణకు ఎంపికైనవారు ఒక రకం. వారికి ప్రతి ఏడాదీ లెక్కలోకి వస్తుంది, చివరికి సర్జన్లవుతారు. రెండో రకం వారు అదే రోస్టర్‌లో, అదే ఆన్‌కాల్ డ్యూటీలు చేస్తూ, అవే ఆపరేషన్లలో నిలబడతారు. కాని ఆ ఏడాది శిక్షణ కింద జమ కాదు. కెజియా రెండో రకం. అంతకుముందు సంవత్సరం ఆక్లాండ్‌లో ఉండగా ఆమె శిక్షణకు దరఖాస్తు పెట్టింది, ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది, ఎంపిక కాలేదు. ఎంపికలో మూడు భాగాలుంటాయి: చేసిన పని వివరాలు, తోటివారూ పైవారూ గోప్యంగా ఇచ్చే అభిప్రాయాలు, ఇంటర్వ్యూ. మొదటి రెండింటిలో ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. మూడోదానిలో పోయింది.

ఆమె ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో పెరిగిన అమ్మాయి. తల్లిదండ్రులది తెనాలి దగ్గర ఊరు. ఆమెను చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇక్కడికి తీసుకువచ్చారు. తల్లి ఎస్తేరు గారు వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సు, తండ్రి బస్సు డ్రైవరు. కెజియాకు తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. ఇక్కడి ఆసుపత్రుల పద్ధతి ప్రకారం నన్ను శారద అని పేరు పెట్టే పిలిచేది. ఆపరేషన్ థియేటర్‌లో అందరూ అందరినీ అలాగే పిలుస్తారు.

మొదటి రెండు నెలలు ఆమె పనిలో నాకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అదే నాకు ఇబ్బందిగా ఉండేది. ఎవరైనా సెలవు పెడితే ఆ డ్యూటీ తీసుకునేది. చికిత్సల ఫలితాలు లెక్కగట్టే ఆడిట్లు రెండు నెత్తిన వేసుకుంది. వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పేది. రౌండ్స్‌లో ఏం అడిగినా వెంటనే జవాబు వచ్చేది. తెలియదన్న మాట ఒక్కసారీ ఆమె నోట వినలేదు. ఆపరేషన్ చేస్తుంటే కత్తి రోగి మీదా, దృష్టి నా ముఖం మీదా ఉండేవి. ఏడాది పొడవునా పరీక్ష రాస్తున్న మనిషిలా ఉండేది.

ఫిబ్రవరిలో దరఖాస్తుల గడువు దగ్గరపడుతుండగా ఎస్తేరు గారు ఆక్లాండ్ నుంచి కారు డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. ఒక ఆదివారం చర్చి అయ్యాక కూతురితో కలిసి మా ఇంటికి వచ్చి, గోంగూర పచ్చడి సీసా బల్ల మీద పెట్టి, టీ అయినా తాగకముందే విషయంలోకి దిగారు.

“డాక్టర్ గారూ, మీరు చెప్తే ఇంటది. జీపీ ట్రైనింగ్‌కి పొమ్మని చెప్పండి. వెంటనే సీటు వచ్చుద్ది, సెటిల్ అయిపోద్ది. మళ్ళీ ఇది పెట్టి, మళ్ళీ రాకపోతే ఏం చేసుద్ది?”

కెజియా టీ కప్పు వంక చూస్తూ కూర్చుంది. అది నేను చెప్పవలసిన మాట కాదన్నాను. జనరల్ ప్రాక్టీసు, అంటే ఫ్యామిలీ డాక్టరు పని, మంచి వృత్తే, అయితే అది కావాలనుకున్నవారికి, అన్నాను. ఎస్తేరు గారు ఒప్పుకోలేదు. తన అనుభవం చెప్పారు. ఇండియాలో పదేళ్ళు నర్సుగా చేసి వచ్చినా, ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు కావలసిన ఇంగ్లీషు పరీక్షలో మూడుసార్లు తప్పారట. రాతపరీక్షలో కొద్దిలో పోయేదట. అన్నాళ్ళూ కేర్‌గివర్‌గా, అంటే వృద్ధులకు ఆయాగా, పనిచేశారు. నాలుగోసారి గట్టెక్కారు.

“ప్రతిసారీ ఇంట్లో ఎట్టా ఉండేదో దానికి తెలవదు. చిన్నది అప్పుడు,” అన్నారు.

“తెలుసు అమ్మా,” అంది కెజియా, ఈసారి తెలుగులోనే. తరువాత ఇంగ్లీషులోకి మారింది. తల్లి పొద్దున్నే వంటగదిలో వ్యాసాలు పైకి చదువుకుంటుంటే తను మంచంలో పడుకుని వినేదాన్నని, ఒక వ్యాసం ఇప్పటికీ నోటికి వచ్చునని చెప్పింది. నగరాల్లో ట్రాఫిక్ సమస్య గురించి. మొదటి రెండు వాక్యాలు అప్పజెప్పింది కూడా. ఎస్తేరు గారు నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వు అయ్యాక కళ్ళు తుడుచుకుని, “సరే, నీ ఇష్టం. అంత చదువుకున్నదానివి,” అన్నారు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో కెజియా, “థాంక్స్ శారదా,” అంది. తల్లి అక్కడే ఆగిపోయి, “పెద్దావిడని పేరు పెట్టి పిలుస్తావేంటే, ఆంటీ అనలేవా,” అని మందలించారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆంటీని, ఆసుపత్రిలో శారదను.

ఆ మరుసటి వారం ఆమె దరఖాస్తు పంపింది. నేను ఆమెతో రెండు విషయాలు మాట్లాడాను. మొదటిది, ఆడిట్లలో ఒకటి వేరేవారికి ఇచ్చేయమన్నాను. రెండోది, గురువారం నా ఆపరేషన్ల లిస్టు ఇకనుంచి ఆమెదే. హెర్నియాలు, చర్మం కింది గడ్డలు, పిత్తాశయాలు. గొప్పగా చెప్పుకోవడానికి పనికొచ్చేవి కావు, కాని సర్జన్ జీవితంలో ముప్పాతిక భాగం అవే. రోగిని ముందురోజు తనే చూడాలి, తనే ఆపరేషన్ చేయాలి, తరువాత ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో తనే పలకరించాలి. నేను ఎదురుగా నిలబడి సాయం చేస్తాను. థియేటర్‌లో దరఖాస్తు గురించి మాట ఎత్తకూడదు.

మొదట్లో ఆమెకిది శిక్షలా అనిపించిందని తరువాత చెప్పింది. మార్చి గడిచేసరికి మార్పు నాకు కనబడింది. నా ముఖం చూడటం తగ్గింది. ఒక రౌండ్‌లో ఏదో మందు మోతాదు అడిగితే, “తెలియదు, చూసి చెబుతాను,” అంది. నాకు ఆ జవాబు ఎంత నచ్చిందో ఆమెకు చెప్పలేదు.

మే నెలలో ఒక గురువారం, పక్క ఊరు ఫీల్డింగ్ వైపు నుంచి వచ్చిన ఒక పాడి రైతుకు పిత్తాశయం తీయవలసి వచ్చింది. రాళ్ళ నొప్పి చాలాసార్లు వచ్చినా ఆవుల్ని వదిలి రాలేక వాయిదా వేసుకుంటూ వచ్చిన మనిషి. జూలై చలికాలంలో ఆవులు ఈనడం మొదలయ్యేలోపు ఈ పని ముగించమని అడిగాడు. కీహోల్ ఆపరేషన్ ఇది, పొట్టలోకి కెమెరా పంపి తెర మీద చూస్తూ చేస్తాం. పిత్తాశయం తీయాలంటే కోయవలసినవి రెండే: ఒక సన్నని నాళం, ఒక రక్తనాళం. అవి రెండూ విడివిడిగా, అనుమానం లేకుండా కనబడేదాకా ఏదీ కోయకూడదు. ఆ పక్కనే కాలేయం నుంచి పేగుకు వెళ్ళే ప్రధాన పిత్తనాళం ఉంటుంది. పొరపాటున దాన్ని కోస్తే ఆ రోగి జీవితం అక్కడి నుంచి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంది.

ఈ రైతుకు వాపు వచ్చిపోయి, వచ్చిపోయి, అక్కడ అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కెజియా ఓపికగా పొరలు విడదీసింది. కెమెరా దగ్గరకు పెట్టమంది, దూరం జరపమంది, నీళ్ళతో కడిగి మళ్ళీ చూసింది. నాకు తోచింది నేను చెప్పలేదు. చెయ్యి దాటిపోయేలా ఉంటే ఆపడానికి సిద్ధంగా మాత్రం ఉన్నాను.

“నాకు స్పష్టంగా కనబడటం లేదు,” అంది చివరికి. “నేను ఇక్కడ కోయను.”

మరి ఏం చేస్తావని అడిగాను. పిత్తాశయం పైభాగం తెరిచి, రాళ్ళన్నీ తీసేసి, అడుగుభాగాన్ని అంటుకుని ఉన్నచోటే వదిలి, ఒక డ్రెయిన్ గొట్టం పెట్టి బయటికి వస్తానంది. సరైన జవాబు అదే. అలాగే చేసింది.

టీ గదిలో ఆమె దిగులుగానే కూర్చుంది. మీరైతే పూర్తిచేసేవారా అని అడిగింది. “లేదు. నీకంటే కాస్త ముందే ఆపేదాన్ని,” అన్నాను. మర్నాడు వార్డులో ఆమె రైతుకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది: మొత్తం తీయలేదు, తీయడం ప్రమాదమనిపించింది, ముందుముందు మళ్ళీ అవసరం పడవచ్చు. అతను రాళ్ళన్నీ పోయాయా అని అడిగాడు. పోయాయంది. “అయితే చాలు. గుడ్ ఆన్ యూ,” అని మెచ్చుకుని, పాలు పితకడానికి ఎప్పుడు వెళ్ళవచ్చో కనుక్కున్నాడు.

ఇంటర్వ్యూ జూన్‌లో. దానికి ముందు నేనూ, మా మత్తు డాక్టరూ కలిసి ఆమె చేత సాధన చేయించాం. ఆమె జవాబులు చక్కగా తయారై ఉన్నాయి, కాని వాటిలో మనిషి లేదు. రైతు సంగతి చెప్పమన్నాను. “మేము ఆగాం, మేము నిర్ణయించాం,” అంటూ మొదలుపెట్టింది. ఎవరు ఆగారు అని అడిగాను. “మేమే,” అంది మళ్ళీ. మా మత్తు డాక్టరుకు అది వింతగా తోచింది కాని నాకు తోచలేదు. మన ఇళ్ళలో ఒంటిచేత్తో ఇల్లు కట్టినవాడు కూడా ఏదో కట్టుకున్నాం అంటాడు. “నేను” అనడం అతిశయమనిపిస్తుంది. ఇంగ్లీషులో పెరిగినా ఆ మర్యాద ఆమెకు ఇంటి నుంచి వచ్చింది. అయితే ఎదుట కూర్చున్నవారికి ఆ మర్యాద తెలియదు. వారికి కావలసింది ఏ పని ఎవరు చేశారన్నది.

మళ్ళీ మొదలుపెట్టి, “నేను ఆగాను,” అంది. తరువాత ఎందుకు ఆగిందో చెప్పింది. అది బట్టీ పట్టిన జవాబు కాదు.

ఫలితం జూలైలో వచ్చింది. ఎంపిక కాలేదు, రిజర్వులో ఉంచారు. అర్హత ఉంది, ప్రస్తుతానికి సీటు లేదని దాని అర్థం. క్లినిక్‌లో ఇద్దరు రోగుల మధ్య విరామంలో తలుపు దగ్గర నిలబడి నాకు చెప్పింది.

“వచ్చే ఏడాదికి ఇక్కడ పోస్టు ఉందా?”

ఉందన్నాను.

“అయితే ఉంటాను. మళ్ళీ పెడతాను. రాకపోయినా ఈ పనే చేయాలని ఉంది నాకు.” అని తన గదిలోకి వెళ్ళి తరువాతి రోగిని పిలిచింది.

సాయంత్రం ఎస్తేరు గారు ఫోన్ చేశారు. కూతురు ఏడుస్తూ ఉంటుందేమోనని ముందు ఆమెకే చేశారట. “సీటు రాలేదని చెప్పి, రేపు ఏవో మూడు హెర్నియాలున్నాయి, పొద్దున్నే లెగవాలి అని పెట్టేసిందండీ. ఇంక నేనేం మాట్లాడతా,” అన్నారు. ఆవిడ గొంతులో ఫిర్యాదు కంటే ఊరటే ఎక్కువ వినబడింది.

అక్టోబరులో ఎంపికైనవారెవరో తప్పుకోవడంతో డునెడిన్‌లో ఒక సీటు ఖాళీ అయింది. అది కెజియాకు వచ్చింది. సంతోషించింది, కేకు తెచ్చి థియేటర్‌లో అందరికీ పంచింది, ఆ గురువారం లిస్టు ఎప్పటిలాగే సమయానికి ముగించింది. డిసెంబరులో వెళ్ళింది. ఇప్పుడు శిక్షణ మూడో ఏడాదిలో ఉంది.

ఎంపిక కాని డాక్టరుకు వచ్చే ఏడాదిని మేమంతా, వారితో సహా, వెయిటింగ్ రూములా చూసేవాళ్ళం. దరఖాస్తును బలపరచడమే పని అనుకునేవాళ్ళం. కెజియా తరువాత నా దగ్గరకు వచ్చిన ఇద్దరు రిజిస్ట్రార్లకూ మొదటి వారంలోనే సొంత లిస్టు ఇచ్చాను, ఆడిట్లలాంటి మిగతా హంగులు తగ్గించాను. వారిలో ఒకరు ఎంపికయ్యారు. రెండోవారు కాలేదు, అత్యవసర విభాగంలో చేరి స్థిరపడ్డారు. ఇద్దరూ ఎక్కడ ఆగాలో తెలిసిన డాక్టర్లే. ఎంపిక మా చేతిలో లేదు. ఆ ఏడాదిలో వారికి ఏ పని ఇవ్వాలన్నది మా చేతిలో ఉంది.